జనాభా తక్కువని మా పల్లెకి బస్సు రాదంట, దీనికి రూలు ఏమన్నా ఉందా? మీ ఊళ్ల సంగతి కూడా చెప్పండి

కనిగిరి_కుర్రోడు:
అందరికీ నమస్కారం. మాది పశ్చిమ ప్రకాశం, కనిగిరికీ పామూరుకీ నడుమ మెయిన్ రోడ్డు మీద నుంచి బాగా లోపలికి పోవాల. ఊరి పేరు ఇక్కడ పెట్టట్లేదు, మావాళ్లు అర్జీ పెట్టే పనిలో ఉన్నారు, అది తేలేదాకా వద్దన్నారు. నేను అడిగేది ఏందంటే, 2011 జనాభా లెక్కల్లో మా రెవెన్యూ గ్రామం పట్టిక తీసి చూస్తే బస్సు సౌకర్యం ఉంది అని ఉంది. ఆ బస్సు వచ్చేది పెద్దూరికి. మాది దాని కింద ఉండే పల్లె, మధ్యన నాలుగు కిలోమీటర్ల దారి, ఒక వాగు. ఒకప్పుడు మా పల్లెకి కూడా పొద్దున ఒక ట్రిప్పు సాయంత్రం ఒక ట్రిప్పు వచ్చేది, రాత్రికి రామాలయం దగ్గరే నైట్ హాల్టు, డ్రైవరు కండక్టరు అక్కడే పడుకోని తెల్లారి ఆరింటికి పాలక్యాన్లు, కూరగాయల గంపలు, బడిపిల్లలు అందర్నీ ఎక్కించుకోని పొయ్యేవాళ్లు. వాగు మీద చప్టా కొట్టుకుపోయినాక బస్సు ఆగింది. చప్టా మళ్లీ కట్టారు, బస్సు మాత్రం తిరిగి రాలా. ఇప్పుడు ఎవర్ని అడిగినా ఒకటే మాట, మీ పల్లెలో జనాభా ఎంత అని. నాలుగొందల లోపు అనంగానే ఇంక మాట్లాడరు. అసలు ఎంతమంది ఉంటే రోడ్డు, ఎంతమంది ఉంటే బస్సు అని ఎక్కడన్నా రాసిపెట్టి ఉందా? తెలిసినవాళ్లు చెప్పండి.

పల్లెవెలుగు_అభిమాని:
తమ్ముడూ, రోడ్డుకి జనాభా రూలు ఉంది. బస్సుకి అట్లాంటిది లేదు. రెండూ కలిపేసి చెప్పడం వల్ల జనం నమ్మేస్తున్నారు. మా నాన్న కండక్టరుగా చేసి రిటైరయ్యారు కాబట్టి ఇంట్లో ఈ లెక్కలు వింటూ పెరిగాను. బస్సు రూటు ఉంచాలా తీసెయ్యాలా అన్నప్పుడు చూసేవి రెండు, కిలోమీటరుకి రాబడి ఎంత, దాన్ని ఈపీకే అంటారు, సీట్లు ఎంతవరకు నిండుతున్నాయి, దాన్ని ఓఆర్ అంటారు. మీ పల్లెకి లోపలికి నాలుగు, వెనక్కి నాలుగు, అంటే ఎనిమిది కిలోమీటర్లు అదనం. అక్కడ ఎక్కేది పదిమందైతే మొత్తం ట్రిప్పు రాబడిని ఆ ఎనిమిది కిలోమీటర్లు కిందికి లాగేస్తాయి. డిపోలో బండ్లు తక్కువైనా సిబ్బంది తక్కువైనా ముందు కోసేది ఇట్లా కొసకి పొయ్యే ట్రిప్పులనే. నైట్ హాల్టు అయితే ఇంకా కష్టం, ఇద్దరు మనుషులు రాత్రి ఇంటికి పోకుండా ఉండాలి, వాళ్లకి పడకా నీళ్లూ బాత్రూమూ చూపించాలి. మీ ఊరివాళ్లు ఇవి చూపిస్తాం అని ముందే రాసిస్తే అర్జీకి బలం వస్తది.

ఇంకోటి, చప్టా కట్టాక బస్సు రాలేదన్నావ్ కదా, ఆ చప్టా మీద బస్సు పోవచ్చు అని ఇంజనీర్ల దగ్గర నుంచి రాతపూర్వకంగా ఏమన్నా డిపోకి చేరిందా? చాలా ఊళ్లలో ఆ ఒక్క కాయితం లేకే ఆగిపోతాయి. ఎవరూ అడగరు, ఎవరూ ఇవ్వరు.

కనిగిరి_కుర్రోడు:
లేదన్నా, ఆ సంగతి మావాళ్లలో ఎవరికీ తెలీదు. చెప్తాను.

రిటైర్డ్_ఏఈ:
రోడ్డు రూలు నేను చెబుతాను, పంచాయతీరాజ్‌లో అసిస్టెంట్ ఇంజనీరుగా చేసినవాణ్ణి. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన 2000 డిసెంబరు 25న మొదలైంది. రోడ్డు రావాలంటే మైదాన ప్రాంతంలో జనాభా 500, కొండ ప్రాంతాలు, గిరిజన షెడ్యూల్డు ప్రాంతాలు, ఎడారిలో 250, ఇది గీత. తర్వాత నక్సల్ ప్రభావిత బ్లాకుల్లో 100 దాకా దించారు. మొదట్లో లెక్క 2001 సెన్సస్‌ది. 2024 సెప్టెంబరులో మంజూరైన నాలుగో విడతకి 2011 సెన్సస్ తీసుకున్నారు, 25,000 ఆవాసాలు, 62,500 కిలోమీటర్లు, 2028-29 దాకా. అంటే ఈరోజు మీ పల్లెకి రోడ్డు రావాలా వద్దా అన్నది 2011లో ఉన్న మనుషుల్ని బట్టి తేలుతుంది.

ఇందులో జనానికి తెలియని మాటలు రెండున్నాయి. ఒకటి, ఈ పథకంలో లెక్క రెవెన్యూ గ్రామానిది కాదు, ఆవాసానిది, మనం హాబిటేషన్ అంటాం. మైదానంలో 500 మీటర్ల లోపు ఉన్న ఆవాసాల జనాభా కలిపి చూడాలి. కొండల్లో అయితే నడకదారిన కిలోమీటరున్నర లోపువి కలపొచ్చు. రెండు, వానాకాలంలో కూడా పోగలిగే దారి ఒక్కటి ఉంటే చాలు కనెక్ట్ అయినట్టే. ఆ దారి మీ సంతకి పోతుందా, ఆసుపత్రికి పోతుందా, అటు వ్యతిరేక దిక్కున ఇంకో మండలానికి పోతుందా అన్నది చూడరు. నేను సర్వీసులో ఉన్నప్పుడు ఈ రెండో దాని మీదే గ్రామస్తులు ఎక్కువ బాధపడేవాళ్లు, సార్ మా పని అంతా ఇటువైపు, మీ రోడ్డు అటువైపు అని. న్యాయమైన మాటే, కానీ గైడ్‌లైన్స్ అట్లా ఉన్నాయి.

బాబూ, మీ పల్లె పక్కన ఎస్సీ కాలనీ గానీ వేరే చిన్న గూడెం గానీ ఉందా?

కనిగిరి_కుర్రోడు:
ఉంది సార్, కాలనీ మా చెరువు కట్టకి అవతలే, అర కిలోమీటరు కూడా ఉండదు. రెండూ విడివిడిగానే రాశారు. రెండూ కలిపితే 500 దాటిపోతామేమో!

రిటైర్డ్_ఏఈ:
అదే నేను అడగబోతున్నది. ఆవాసాల జాబితా తీసి చూడండి, రెండూ వేరే వేరే వరసల్లో ఉండి రెండింటికీ 500 లోపు అని పక్కన పెట్టి ఉంటే కలిపి చూడమని అర్జీలో స్పష్టంగా రాయండి. దూరం కొలిపించండి, గూగుల్ మ్యాపు ప్రింటు తీసి జత చెయ్యండి.

లెక్కల_మాస్టారు:
ఏఈ గారు చెప్పింది అక్షరాలా నిజం. నేను జనాభా వైపు నుంచి కొంచెం చెప్తాను, 2011లో ఎన్యూమరేటర్ డ్యూటీ చేశాను. ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా ఇంటింటికీ తిరిగి రాశాం, 28 రాత్రి ఇల్లూవాకిలీ లేనివాళ్ల లెక్క, మార్చి 1 నుంచి 5 దాకా సవరణ, ఆ మధ్య పుట్టినవాళ్లు పోయినవాళ్లు. రూలు ఏమిటంటే మామూలుగా ఆ ఇంట్లో ఉంటూ ఆ పొయ్యి మీద తినేవాడు, ఆ ఇరవై రోజుల్లో కొన్నాళ్లైనా అక్కడ ఉంటే ఆ ఇంటి మనిషి. ఆ ఇరవై రోజులూ ఊళ్లో లేనివాడు ఆ ఊరి లెక్కలోకి రాడు, ఎక్కడ ఉంటే అక్కడ రాయించుకోవాలి.

ఇప్పుడు ఆలోచించండి, పశ్చిమ ప్రకాశంలో ఫిబ్రవరిలో ఊళ్లో ఉండేది ఎవరు? కంది కోతలు అయిపోతాయి, బోర్లు ఎండటం మొదలవుతుంది, జనం హైదరాబాదు, బెంగుళూరు బిల్డింగు పనులకి వెళ్లిపోతారు. ముసలివాళ్లు, చిన్నపిల్లలు ఉంటారు. నేను రాసిన బ్లాకులో కొన్ని ఇళ్లకి తాళాలు, పక్కింటివాళ్లని అడిగితే ఉగాదికి వస్తారు మాస్టారూ అనేవాళ్లు. ఉగాదికి వచ్చేవాణ్ణి ఫిబ్రవరి కాగితంలో ఎట్లా రాయను? రూలు ప్రకారం రాయలేదు. వాళ్లు అక్కడ సైటు మీద షెడ్డులో ఉన్నప్పుడు అక్కడి ఎన్యూమరేటరు రాశాడో లేదో దేవుడికే తెలియాలి. జనాభా తక్కువ అని మీ పల్లెకి పేరొచ్చింది ఇట్లాగే. అసలు రేషన్ కార్డుల్లో, ఓటర్ల లిస్టులో మీ పల్లెవాళ్లు ఎంతమంది ఉన్నారో ఒకసారి చూడండి, తేడా మీకే కనపడుతుంది.

పాలమూరు_అక్క:
మాస్టారు మా బాధనే చెప్పిండు. మాది నారాయణపేట దిక్కు. మా తాతల కాలం నుంచి బొంబాయి, పూణే వలస. మా తండా దగ్గరికి బొంబాయి పొయ్యే బస్సు దొరుకుతుండె గని మండలానికి పొయ్యే బస్సు దొరకకపోతుండె, ఇది నేను కండ్లతోని చూసిన. మనుషులను తీస్కపొయ్యే బండికి గిరాకి ఉన్నది కాబట్టి వచ్చింది, పిల్లలను బడికి తీస్కపొయ్యే బండికి గిరాకి లేదన్నరు.

ఒక్కటి మంచిగైంది ఏందంటే 2018 పంచాయతీరాజ్ చట్టం వచ్చినంక 500 జనాభా దాటిన తండాలను, గూడేలను గ్రామపంచాయతీలు జేసిన్రు. మా తండా గూడ అయింది. ఇంతకుముందు మాకు ఏం గావాలన్నా పెద్దూరు సర్పంచు దగ్గరికి పోవాలె, ఆయన ఊరికే ముందు చేసుకుంటడు, ఆయనకు ఓట్లు ఆడ ఎక్కువ. ఇప్పుడు మా సర్పంచు మా తండాల ఉంటడు, మా పేరు మీద తీర్మానం అయితది. ట్రాక్టరు వచ్చింది, సీసీ రోడ్డు వడ్డది. బస్సు కోసం ఇంకా తిరుగుతున్నం.

పల్లెవెలుగు_అభిమాని:
అక్కా, మీ దగ్గర మహాలక్ష్మి వచ్చినాక ఎట్లా ఉంది? 2023 డిసెంబరు 9 నుంచి కదా పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో ఆడవాళ్లకి ఫ్రీ. మాకు ఆంధ్రాలో స్త్రీ శక్తి పేరుతో 2025 ఆగస్టు 15న మొదలైంది.

పాలమూరు_అక్క:
బస్సు వచ్చే ఊళ్లళ్ల ఆడోళ్లకు శానా మంచిగైంది తమ్ముడూ, అది నేను కాదన. దవాఖానకు, సంతకు, తల్లిగారింటికి మొగుణ్ణి పైసలు అడగకుండా పోతున్నరు. గని మా తండాకు బస్సే లేదాయె, ఫ్రీ అనేది మాకు ఎట్ల అందాలె? మెయిన్ రోడ్డు దాకా ఆటోకు ఇరవై, ముప్పై పెట్టి పోతేనే ఆ ఫ్రీ బస్సు. ముసలామెకు రానుపోను అరవై రూపాయలంటే పింఛన్ల ఎంత పోతది చెప్పు. బస్సు లేని ఊర్లకు ఏదన్న ఒక బండి ముందు ఇయ్యాలె, గప్పుడే ఆ పథకం నిండుగ అయితది.

పల్లెవెలుగు_అభిమాని:
నిజం అక్కా. ఒక మాట మాత్రం అందరికీ చెప్పాలి, బస్సు ఎక్కితే జీరో టికెట్, అంటే ఆడవాళ్లకి డబ్బు తీసుకోకుండా కొట్టే టికెట్, తప్పకుండా తీసుకోండి. ఫ్రీయే కదా టికెట్ ఎందుకు అని కొందరు వదిలేస్తారు. ఆ టికెట్ కొడితేనే ఈ స్టేజీలో ఇంతమంది ఎక్కారు అని మెషీన్లో పడుతుంది, ప్రభుత్వం ఆర్టీసీకి కట్టే డబ్బుకి లెక్క అదే, రేపు ట్రిప్పు తీసేస్తామంటే మీ చేతిలో ఉండే సాక్ష్యం కూడా అదే.

అవనిగడ్డ_కుమార్:
రోడ్డు, బస్సు గురించే మాట్లాడుతున్నారు, మా సంగతి వినండి. నాగాయలంక మండలంలో కృష్ణా నది పాయల మధ్య ఎదురుమొండి దీవి ఉంది, దాని చుట్టుపక్కల గొల్లమంద, నాచుగుంట, బ్రహ్మయ్యగారిమూల, ఈలచెట్లదిబ్బ. ఏటిమొగ రేవు నుంచి పంటు, అంటే బండ్లని కూడా దాటించే బల్లకట్టు, ఎక్కితేనే ఎదురుమొండి. మోటరు సైకిళ్లు, ఆటోలు, ధాన్యం బస్తాలు, పెళ్లివాళ్లు, కాన్పుకి వెళ్లే ఆడపిల్ల, శవం, అన్నీ ఆ పంటు మీదే. ఈదురుగాలి లేచినా వరద వచ్చినా పంటు ఆపేస్తారు. ఇక్కడ జనాభా తక్కువ అని కాదు, నీళ్లు అడ్డం. వంతెన అడుగుతున్నది ఇవాళ నిన్నటి మాట కాదు, మా పెద్దలు అడిగారు, మేమూ అడుగుతున్నాం. 1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమని తుడిచిపెట్టినప్పుడు పదివేలమందికి పైగా పోయారు, దారులన్నీ నీళ్లలో పోయి చాలా ఊళ్లకి సాయం చేరడానికే రోజులు పట్టిందని ఇంట్లో పెద్దవాళ్లు చెప్తారు. దారి అంటే సౌకర్యం అని ఊరికే అంటుంటారు గానీ తుఫాను సీమలో దారి ఉంటే బతుకుతారు, లేకపోతే లేదు. ఇట్లాంటి చోట మనిషికి ఇంత ఖర్చు అని భాగారం వేసి చూడకూడదు.

హైటెక్_రవి:
నా మాట కొందరికి నచ్చకపోవచ్చు కానీ మర్యాదగానే అడుగుతున్నా. మూడొందల మంది ఉండే పల్లెకి నాలుగు కిలోమీటర్ల బీటీ రోడ్డు (తారు రోడ్డు), దాని మెయింటెనెన్సు, రోజుకి రెండు ట్రిప్పుల బస్సు, ఇంత ఖర్చు పెట్టే బదులు వాళ్లకి పెద్దూళ్లోనే ఇళ్ల స్థలాలు ఇచ్చి ఇళ్లు కట్టిస్తే బడి, ఆసుపత్రి, బస్సు అన్నీ దగ్గరుంటాయి కదా? పిల్లలు ఎలాగూ సిటీలకి వచ్చేస్తున్నారు. ఇంకో ఇరవై ఏళ్లకి ఆ రోడ్డు మీద తిరిగేది ఎవరు?

కనిగిరి_కుర్రోడు:
రవి గారూ, మా పొలం ఎక్కడుంటే మేము అక్కడుంటాం. పెద్దూళ్లో ఇల్లిస్తే పొద్దున్నే నాలుగు కిలోమీటర్లు పొలానికి ఎట్లా రావాల, గేదెల్ని ఎక్కడ కట్టెయ్యాల, రాత్రి మోటరు కరెంటు వస్తే పంటకి నీళ్లు ఎవరు పెట్టాల? రోడ్డు మనుషులకే కాదు. మా పల్లెలో పండే కందులు, సజ్జలు, మిరప, పాలు బయటికి పోవాల. రోడ్డు బాగలేదని ట్రాక్టరు కిరాయి ఎక్కువ అడుగుతారు, పాలబండి ఒకపూటే వస్తది, కొనేవాడు బస్తాకి రేటు తగ్గించి అడుగుతాడు. ఆ నష్టం మా 2011 జనాభా లెక్కలో కనపడదు.

లెక్కల_మాస్టారు:
రవీ, పిల్లలు సిటీలకి ఎలాగూ వచ్చేస్తున్నారు అన్నావు. ఎందుకు వచ్చేస్తున్నారో చూడు. మా బడిలో పదో తరగతి పాసైన ఆడపిల్లలు ఇంటర్‌కి పోవాలంటే పొద్దున ఎనిమిదింటికి బస్సు ఉండాలి, సాయంత్రం చీకటి పడకముందు ఇంటికి చేరాలి. బస్సు ఉన్న ఊరి పిల్ల కాలేజీకి పోతుంది. బస్సు లేని ఊరి పిల్లకి మూడు దార్లు, హాస్టలు, బంధువుల ఇల్లు, పెళ్లి. మూడోదే ఎక్కువ జరుగుతుంది, నేను చూస్తూ ఉన్నాను. మగపిల్లల తల్లిదండ్రులు ఏం చేస్తున్నారంటే ఇల్లు తాళం వేసి కనిగిరిలోనో ఒంగోలులోనో అద్దెకి దిగుతున్నారు. బడిలో పిల్లలు తగ్గుతారు, టీచర్ పోస్టు పోతుంది, బడి పక్క ఊరి బడిలో కలిసిపోతుంది, దాంతో ఇంకో నాలుగు కుటుంబాలు కదులుతాయి. ఆ తర్వాత వచ్చి జనాభా లేదు కాబట్టి బస్సు లేదు అంటారు. ముందు పోయింది బస్సు, జనం తర్వాత పోయారు. ఈ వరస తిరగేసి చెప్పడం నాకు చాలా కోపం తెప్పిస్తుంది.

విద్యాహక్కు చట్టం రూల్సులో ప్రైమరీ బడి కిలోమీటరు లోపు, అప్పర్ ప్రైమరీ మూడు కిలోమీటర్ల లోపు ఉండాలని ఉంది, దూరమైతే రవాణా భత్యం ఇవ్వాలి. భత్యం డబ్బులు చేతికి వచ్చినా ఎక్కడానికి బండి లేకపోతే ఆ పిల్ల ఏం ఎక్కి పోవాలి?

చింతపల్లి_ఏఎన్‌ఎం:
నేను ఏజెన్సీలో పనిచేస్తున్నానండి. మా వైపు బస్సు సంగతి తర్వాత, కాలిబాట మీదే బతుకు. కొండ మీద పదిహేను ఇరవై గడపలుండే గ్రామాలు, వానాకాలం గెడ్డ పొంగితే అటువాళ్లు అటే ఇటువాళ్లు ఇటే. నొప్పులు మొదలైతే దుప్పటిని కర్రకి కట్టి డోలీ మీద మోసుకొస్తారు, కింద రోడ్డు దాకా వస్తే అక్కడ 108 ఎదురొస్తుంది. డేటు దగ్గరపడిన గర్భిణుల్ని ముందే కిందికి దించుకుని వచ్చేయమని ప్రతి నెలా తిరిగి చెప్తుంటాం. సాలూరులో ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) వాళ్లు గర్భిణుల వసతి గృహం పెట్టాక ఈ ఆలోచన మిగతా చోట్లకీ వచ్చింది, చాలా ప్రాణాలు నిలబెట్టే పని అది. కానీ ఇంట్లో ఇంకో ఇద్దరు చిన్నపిల్లల్ని వదిలి ఆవిడ నెలరోజులు ఎలా వచ్చి ఉంటుందండి? వాళ్లు రాలేదని మనం కసురుకుంటే లాభం లేదు.

జనాభా లెక్క గురించి చెప్పాలంటే, మా దగ్గర 250 గీత కూడా చాలా గ్రామాలు దాటలేవు. 2023 నవంబరులో వచ్చిన పీఎం జన్‌మన్‌లో ఆదిమ తెగల ఆవాసాలకి 100 దాకా తగ్గించారు, కొండరెడ్లు, గదబ, పోర్జ, చెంచులు వీళ్లందరికీ. 2025 ఏప్రిల్‌లో డుంబ్రిగూడ మండలం పెదపాడులో అడవితల్లి బాట అని మొదలుపెట్టింది కూడా ఎక్కువగా ఆ నిధులతోనే. అది మంచి పని, రోడ్డు పడిన చోట తేడా నాకు నా రిజిస్టర్లోనే కనపడుతుంది, టీకాలకి తల్లులు వస్తున్నారు. కానీ పక్క కొండ మీద ఆదిమ తెగ కాని గిరిజనులు అరవై మంది ఉంటే వాళ్లు ఏ గీతలోకీ రారు. కడుపులో బిడ్డ అడ్డం తిరిగినప్పుడు ఆ అరవై మందికీ అయిదొందల మందికీ నొప్పి ఒకటే కదండీ.

రిటైర్డ్_ఏఈ:
అమ్మా, మీరు రాసింది చదివి చాలాసేపు అలా ఉండిపోయాను. గీత అనేది డబ్బు పరిమితం కాబట్టి పెట్టుకున్నది, ఎక్కువమందికి ముందు అందాలని. 1000 దాటినవి ముందు, తర్వాత 500, తర్వాత 250 అని వరస పెట్టారు. వరస తప్పు కాదు, కానీ వరసలో చివరివాడి దగ్గరికి వచ్చేసరికి పథకం అయిపోయింది అనడం తప్పు. చిన్న ఆవాసాలకి ఉపాధి హామీ మెటీరియల్ నిధులతో మట్టి రోడ్డు, గ్రావెల్ రోడ్డు వేసుకున్న పంచాయతీలు చాలా ఉన్నాయి. బీటీ కోసమే కూర్చోకుండా ముందు ఫార్మేషన్, అంటే మట్టి పోసి దారి చదును చేయడం, చేయించుకుని, నీళ్లు పారే చోట తూములు వేయించుకుంటే 108 బండి పైకి రాగలుగుతుంది. గ్రామ సడక్‌లో కూడా బండ్ల తిరుగుడు తక్కువ ఉంటే 3 మీటర్ల వెడల్పే వేస్తారు, మామూలుగా 3.75. ఇది బస్సు అడిగేవాళ్లు గుర్తుపెట్టుకోవాలి, ఎదురొచ్చే బండికి తప్పుకునే చోటు, చివర బస్సు తిరిగే చోటు పంచాయతీనే చూపించాలి. మంచి రోడ్డు ఉండీ తిరిగే చోటు లేక బస్సు వెళ్లని ఊళ్లు నాకు తెలుసు.

ఇంకోటి, ఆ రోడ్లకి కాంట్రాక్టరు అయిదేళ్లు మెయింటెనెన్స్ చెయ్యాలి, రోడ్డు మొదట్లో బోర్డు మీద తేదీ ఉంటుంది. గుంటలు పడితే ఆ తేదీ చూసి అడగండి.

ఆటో_సూరి:
నేను ఆటో తోల్తా. మమ్మల్ని అందరూ దొంగల్లాగా చూస్తారు, పదిమందిని ఎక్కిస్తారు అని. బస్సు రాని ఊరికి పొయ్యేది మేమే గదన్నా. పోయేటప్పుడు నిండితేనే వచ్చేటప్పుడు ఖాళీగా వచ్చినా డీజిల్ గిట్టుద్ది. ముగ్గుర్నే ఎక్కించి నాలుగు కిలోమీటర్ల గుంటల్లో పోతే టైర్లకే చాలదు. ఎక్కువమందిని ఎక్కిస్తే తప్పని నాకూ తెలుసు, యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ దగ్గర చిక్కొస్తుంది, ఆ భయంతోనే తోల్తాం. అర్ధరాత్రి పాము కరిసిందని ఫోన్ చేస్తే పైసల లెక్క చూడకుండా పోయిన ఆటోవోళ్లు ఊరూరా ఉన్నారు. ఫ్రీ బస్సు వచ్చాక మెయిన్ రోడ్డు మీద మాకు గిరాకి పడిపోయింది, 2025 అక్టోబరులో ప్రభుత్వం 15,000 వేసింది, సొంత ఆటో ఉన్నోళ్లకి. నేను అనేది ఏందంటే బస్సు పోలేని పల్లెలకి మమ్మల్నే పెట్టండి, నెలకి ఇంత అని కట్టండి, బస్సు టైముకి మెయిన్ రోడ్డు దగ్గరికి తెచ్చి దింపుతాం. ముగ్గురే ఉన్నా పోతాం అప్పుడు. మాకు పని దొరుకుద్ది, వాళ్లకి బండి దొరుకుద్ది.

పాలమూరు_అక్క:
సూరన్నా, ఇది మంచి మాట. నేను ముసలామె అరవై రూపాయలు అన్నది గూడ ఇందుకే.

హైటెక్_రవి:
సూరి గారు చెప్పింది ప్రాక్టికల్‌గా ఉంది. నలభై సీట్ల బస్సు ఖాళీగా తిప్పడం కన్నా ఇది చవక. అయినా నాకు ఒక డౌటు, ఈ చిన్న బండికి పర్మిట్ ఎవరిస్తారు? రూట్లు ఆర్టీసీవి కదా.

పల్లెవెలుగు_అభిమాని:
అక్కడే చిక్కు. మోటారు వాహనాల చట్టంలో ఆటో అనేది కాంట్రాక్ట్ క్యారేజి, అంటే మొత్తం బండిని కిరాయికి మాట్లాడుకునేది, ఒక్కొక్కర్ని ఎక్కించుకుని దించుకుంటూ పోయేది స్టేజి క్యారేజి. రూటు జాతీయం చేసి ఉంటే అక్కడ స్టేజి క్యారేజి హక్కు ఆర్టీసీది. అందుకే ఊళ్లలో జరిగేదంతా చట్టం కళ్లకి కనపడకుండా జరుగుతోంది, అందరికీ తెలుసు, ఎవరూ రాసుకోరు. బస్సు పోని ఊళ్ల వరకైనా చిన్న బండిని చట్టబద్ధం చేసి, సీట్లకి తగ్గట్టు ఇన్సూరెన్స్ పెట్టి, బస్సు టైములతో కలపాలి. ఇది ప్రభుత్వం స్థాయిలో తేలాల్సింది, డిపో మేనేజర్‌ని అడిగి లాభం లేదు. డిపో మేనేజర్‌ని అడగాల్సింది ఒక్కటే, కాలేజీ టైముకి ఒక ట్రిప్పు, సాయంత్రం ఒక ట్రిప్పు. రోజంతా బస్సు కావాలి అని రాస్తే ఫైలు పక్కన పడుతుంది. ఆ రెండు ట్రిప్పులకి ఎంతమంది బస్సు పాసు పిల్లలు ఉన్నారో పేర్లతో సహా రాసి, కాలేజీ ప్రిన్సిపాల్ సంతకం పెట్టించి ఇవ్వండి.

కనిగిరి_కుర్రోడు:
ఇది చదివి ఇవాళ ఊరికి ఫోన్ చేసి మాట్లాడాను. కాలనీ పెద్దలు, మా పల్లె పెద్దలు కలిసి కూర్చున్నారంట, ఇదివరకు ఇట్లా కలిసి కూర్చున్నది తక్కువే. చెరువు కట్ట మీదుగా దూరం టేపుతో కొలిచారు, 500 మీటర్ల లోపే ఉంది. రెండు పల్లెలకీ కలిపి ఒకటే అర్జీ. పంచాయతీ తీర్మానం, చప్టా కాయితం కోసం ఇంజనీరింగు ఆఫీసుకి ఒక లెటరు, పాసు పిల్లల లిస్టు, అన్నీ పెట్టుకోని సోమవారం పీజీఆర్ఎస్‌లో, అంటే ప్రజల అర్జీలు తీసుకునే కార్యక్రమంలో, ఇస్తారు. ఏఈ గారూ, ఆవాసాల జాబితాలో మాది ఎట్లా రాశారో చూడాలంటే సమాచార హక్కు కింద అడగొచ్చా?

రిటైర్డ్_ఏఈ:
తప్పకుండా. మండల స్థాయి ఆఫీసులో ఫీజు 5 రూపాయలు, జిల్లా ఆఫీసులో 10, గ్రామ స్థాయిలో ఫీజు లేదు. 30 రోజుల్లో ఇవ్వాలి. మూడు విషయాలు విడివిడిగా అడగండి: ఆవాసం పేరు, దానికి రాసిన జనాభా, ఏ దారితో కనెక్ట్ అయినట్టు చూపించారు. మూడోది ముఖ్యం, వాగు అవతల నుంచి పోయే ఏదో పాత డొంకని రోడ్డుగా చూపించి ఉంటే అక్కడే దొరుకుతుంది.

లెక్కల_మాస్టారు:
ఇంకొక పని కూడా ఇప్పుడే మొదలుపెట్టండి బాబూ. వచ్చే జనగణన రిఫరెన్సు తేదీ 2027 మార్చి 1. అంటే మనుషుల్ని రాసేది మళ్లీ ఫిబ్రవరిలోనే, మనవాళ్లు ఊళ్లో ఉండని నెల. ఈసారి మొబైల్ యాప్‌తో చేస్తున్నారు, ఎవరికి వాళ్లు ఆన్‌లైన్లో నింపుకునే వీలు కూడా ఇచ్చారు. కానీ రూలు రూలే, ఊళ్లో లేనివాణ్ణి ఊళ్లో ఉన్నట్టు రాయించొద్దు, అది తప్పు, రెండు చోట్ల పడినా చిక్కే. సైటు మీద ఉండేవాళ్లకి పది రోజులు సెలవు దొరికితే ఆ ఫిబ్రవరి రోజుల్లో ఇంటికి వచ్చి వెళ్లమనండి. మామూలుగా ఆ ఇంటి మనిషే అయ్యుండి ఆ రోజుల్లో ఇంటి దగ్గర ఉన్నవాడు ఆ ఊరి లెక్కలోకి వస్తాడు. రాలేనివాళ్లు ఎక్కడ ఉంటే అక్కడైనా తప్పకుండా రాయించుకోవాలి, షెడ్డుల్లో ఉన్నా సరే. వచ్చే పదేళ్ల పథకాలన్నీ ఆ నంబరు మీదే నడుస్తాయి.

కనిగిరి_కుర్రోడు:
మాస్టారూ, మా బెంగుళూరు బ్యాచ్‌కి వాట్సాప్ గ్రూపులో పెట్టేశాను. మేస్త్రీతో మాట్లాడతాం అన్నారు. శివరాత్రికి ఎట్లాగూ కొందరు వస్తారు, 2027లో అది ఎప్పుడు పడుతుందో చూసుకోని దానికి తగ్గట్టు చెప్తాం.

అవనిగడ్డ_కుమార్:
మా దీవుల్లో కూడా వేటకి పోయినవాళ్ల సంగతి ఇదే మాస్టారూ. పడవ మీద పోతే వారం పది రోజులు రారు. రేవు దగ్గర నోటీసు పెట్టిస్తాను.

చింతపల్లి_ఏఎన్‌ఎం:
కొండ మీద గ్రామాలకి ఎన్యూమరేటర్లు నిజంగా ఎక్కుతారా లేక కింద సంతలో కూర్చుని రాసేస్తారా అని నా భయం. మాస్టారూ, మా ఆశాలు దారి చూపిస్తూ వాళ్ల వెంట వెళ్లొచ్చా?

లెక్కల_మాస్టారు:
వెళ్లొచ్చమ్మా, దారి తెలిసిన మనిషి తోడుంటే ఎన్యూమరేటర్‌కే సాయం. రాసే పని మాత్రం ఆయనే చెయ్యాలి, ఇంట్లోవాళ్లు చెప్పేది ఇంకెవరూ వినకూడదు, ఆ వివరాలు గోప్యం. మీ దగ్గర ఇళ్ల జాబితా ఎలాగూ ఉంటుంది కాబట్టి ఏ గ్రామం మిగిలిపోయిందో మీకే ముందు తెలుస్తుంది. మిగిలిపోతే ఎమ్మార్వో గారికి వెంటనే రాతపూర్వకంగా చెప్పండి, జనగణనకి మండలంలో చార్జ్ ఆఫీసర్ ఆయనే ఉంటారు. మార్చి మొదటి రోజుల్లో సవరణ ఉంటుంది, అది దాటాక చేర్చడం కష్టం.